సీపీఆర్ ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే ఏ కోర్సు? గోదావరి డెల్టా వాళ్ళకి ఒక పోలిక

గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, నోటితో ఊపిరి ఇచ్చి ప్రాణం నిలబెట్టే ప్రయత్నమే సీపీఆర్. అది నేర్చుకుందామని ఫోన్‌లో వెతికితే నిమిషం వీడియో దగ్గర్నుంచి వేల రూపాయల సర్టిఫికెట్ కోర్సు దాకా అన్నీ ఒకే వరసలో కనబడతాయి. అన్నిటి మీదా గుండె బొమ్మే, అన్నిటి కిందా ప్రాణం కాపాడమనే మాటే. ఏది ఎవరికి పనికొస్తుందో మాత్రం తేలదు. పైగా వాటిని తయారుచేసినవాళ్ళు రాజోలు కాలవ గట్టున ఉండేవాళ్ళనో, భీమవరం రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళనో మనసులో పెట్టుకుని చేసినవాళ్ళు కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డెల్టాలో ఉండేవాళ్ళు ఏ కోర్సు గురించైనా మొదట అడగాల్సింది సర్టిఫికెట్ ఇస్తారా అని కాదండి, నీళ్ళలో మునిగినవాళ్ళకి ఊపిరి ఇవ్వడం నేర్పుతారా అని. ఆ తర్వాత అడగాల్సింది, చేతులతో నొక్కి చూసే పని పెడతారా అని. రెండిటికీ అవునంటే అది ఉచితంగా వచ్చినా మంచి కోర్సే. కాదంటే ఎంత పోసి కొన్నా సగం చదువే.

నీళ్ళ సంగతి ఎందుకు ముందు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలవ మన గుమ్మం దాకా వచ్చేసింది. ఇంటి వెనక బోదో, వీధి చివర చెరువో, ఊరి బయట చేపల చెరువో లేని ఊరు ఇక్కడ అరుదు. మరోపక్క ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేవాటిలో చాలావరకు చేతులతో నొక్కితే చాలనే పద్ధతినే నేర్పుతాయి. సామాన్యులు ఊపిరి ఇవ్వడానికి జంకి అసలు దగ్గరికే రావడం లేదని గమనించి, 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ (ఏహెచ్‌ఏ) ఆ పద్ధతిని ప్రోత్సహించింది. మన దేశంలో మత్తు డాక్టర్ల సంఘం చొరవతో ఏర్పడిన ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ జనం కోసం రూపొందించిన 'కోల్స్' శిక్షణ కూడా నొక్కడం ఒక్కటే నేర్పుతుంది. అందులో తప్పేమీ లేదు. పెళ్ళి భోజనాల దగ్గర నిలబడ్డ పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలితే గుండె ఆగిందే తప్ప రక్తంలో ప్రాణవాయువు ఇంకా ఉంటుంది. మొదటి కొన్ని నిమిషాలు ఆ రక్తాన్ని మెదడుకి తోలడమే పని. నొక్కితే ఆ పని జరుగుతుంది.

మునిగిన పిల్లాడి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ముందు ఊపిరి ఆడక ప్రాణవాయువు అయిపోయింది, ఆ తర్వాతే గుండె ఆగింది. ఖాళీ రక్తాన్ని ఎంత తోసినా మెదడుకి అందేది తక్కువ. అందుకే నీళ్ళలోంచి తీసినవాళ్ళకి ఊపిరితోనే మొదలుపెట్టమంటారు. యూరప్ పద్ధతిలో మొదట 5 ఊపిర్లు, అమెరికా పద్ధతిలో 2. ఆపైన 30 నొక్కులకి 2 ఊపిర్లు. ఊపిరి ఇవ్వడం రాకపోయినా, ఇవ్వలేకపోయినా నొక్కడం మాత్రం మానకూడదు. కానీ నేర్చుకునే అవకాశం చేతిలో ఉన్నప్పుడు సగమే ఎందుకు నేర్చుకోవాలి?

కోర్సు ఇంకో పని కూడా చేయాలి. గట్టు మీద మనవాళ్ళు చేసే పనుల్ని మాన్పించాలి. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపడం, భుజాన వేసుకుని పరిగెత్తడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, ఇవన్నీ ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. కడుపు నొక్కితే వచ్చేది తిన్న అన్నం. అది తిరిగి ఊపిరితిత్తుల్లోకే పోవచ్చు. ఈ మాట చెప్పని కోర్సు మన ఊరికి సరిపడదు.

మిగతా కొలతలు

ఊపిరి ఆగిందని ఎలా తెలుసుకోవాలో కోర్సు ఎంతసేపు చెబుతుందో చూడండి. గుండె ఆగిన మనిషి కొన్ని నిమిషాలపాటు నోరు తెరిచి, ఆగి ఆగి, గురకలాంటి చప్పుడుతో గాలి లాగుతూ ఉండొచ్చు. మన ఇళ్ళలో దీన్ని ఎగశ్వాస అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని చూసి "ఊపిరి ఆడుతోందిలే, కాసిని నీళ్ళు చల్లండి" అంటారు, లేదా ఇక ఆఖరని తులసి తీర్థం పోస్తారు. రెండూ పొరపాటే. పిలిచినా తట్టినా పలకని మనిషి అలా గాలి లాగుతుంటే గుండె ఆగినట్టే లెక్క, నొక్కడం మొదలుపెట్టాల్సిందే. ఎగశ్వాసని బొమ్మ గీసి చెప్పడం వేరు, వీడియోలో చూపించడం వేరు. ఆన్‌లైన్ పాఠం తరగతి గది కన్నా బాగా నేర్పగలిగేది ఇక్కడే. ఒకసారి కళ్ళతో చూసి, చెవులతో విన్నవాళ్ళు మళ్ళీ మరిచిపోరు.

చేతుల సంగతి. పెద్దవాళ్ళకి ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఇదంతా చదివితే ఒక నిమిషం పని. చేస్తే రెండు నిమిషాలకే మోచేతులు వంగిపోతాయి, నడుం పట్టేస్తుంది, నొక్కుడు లోతు తగ్గుతుంది. తగ్గిందని నొక్కేవాళ్ళకి తెలియను కూడా తెలియదు. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటారు. కూర్చుని వీడియో చూస్తే ఈ అలుపు ఎలా తెలుస్తుంది?

పాఠం ఎప్పటిదో చూసుకోవాలి. పెద్దవాళ్ళకి 15 నొక్కులు, 2 ఊపిర్లు అంటే అది 2005కి ముందుది. గుండె ఆగిన ప్రతివాళ్ళకీ ముందు నోరు శుభ్రం చేసి ఊపిరి ఇచ్చి ఆ తర్వాత నొక్కమంటే 2010కి ముందుది. పసిపిల్లలకి రెండు వేళ్ళతో నొక్కమంటే అదీ పాతబడినట్టే. 2025 మార్గదర్శకాల్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ పద్ధతిని పక్కన పెట్టి, ఒక అరచేతి మడమతో గానీ, రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టి బొటనవేళ్ళతో గానీ నొక్కమంటోంది. తెలుగులో బాగా షేర్ అయిన వీడియోల్లో పాతవి తక్కువేమీ కాదు, అప్‌లోడ్ చేసిన సంవత్సరం చూడకుండా నమ్మొద్దు.

భాష, ఖర్చు, సర్టిఫికెట్ ఆ తర్వాతి మాట. మళ్ళీ చూసుకునే వీలు ఉందా లేదా అన్నదే వాటికన్నా ముఖ్యం. నేర్చుకున్న నెలల్లోనే చేయి మొద్దుబారుతుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. మూడు నుంచి ఆరు నెలలు గడిస్తే చాలు, నైపుణ్యం జారిపోవడం మొదలవుతుంది.

ఒక్క చూపులో

| మార్గం | ఊపిరి ఇవ్వడం | చేతుల సాధన | ఖర్చు | భాష | సర్టిఫికెట్ |
|---|---|---|---|---|---|
| చిన్న వీడియోలు | ఎక్కువగా ఉండదు | ఉండదు | లేదు | తెలుగులో దొరుకుతాయి | లేదు |
| ఫోన్‌తో సాధన చేయించే ఉచిత కోర్సులు | కోర్సుని బట్టి | దిండు మీద, ఓ మోస్తరు | లేదు | ఎక్కువగా ఇంగ్లీషు | ఉంటే పేరుకే |
| పూర్తిగా ఆన్‌లైన్ సర్టిఫికెట్ | చూపిస్తారు, చేయించరు | ఉండదు | వందల నుంచి వేల దాకా | ఇంగ్లీషు | ఉంటుంది, విలువ అనుమానమే |
| లైవ్ ఆన్‌లైన్ క్లాసు | చెప్పేవాళ్ళని బట్టి | దిండు మీద, ఒకరు చూస్తుండగా | ఉచితం లేదా కొంచెం | తెలుగులో కుదురుతుంది | కొన్నిచోట్ల |
| సగం ఆన్‌లైన్, సగం మనిషి ఆకారపు శిక్షణ బొమ్మ మీద | ఉంటుంది | పూర్తిగా | వేలల్లో | పాఠం ఇంగ్లీషు, సాధన తెలుగులో కుదరొచ్చు | రెండేళ్ళ కార్డు |
| నేరుగా శిక్షణ | శిక్షణని బట్టి | పూర్తిగా | ఉచితం నుంచి వేల దాకా | తెలుగు | నిర్వాహకులని బట్టి |

చిన్న వీడియోలు

తీసిపారేయకండి. ఏమీ తెలియని మనిషి కన్నా నిమిషం వీడియో చూసిన మనిషి ముందుకొచ్చి చేయి వేసే అవకాశం ఎక్కువ. కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబర్ 13 నుంచి 17 దాకా సీపీఆర్ అవగాహన వారం జరిపింది. అంతకుముందు 2023 డిసెంబర్ 6న వైద్య పీజీ పరీక్షలు నిర్వహించే ఎన్‌బీఈఎంఎస్ ఆధ్వర్యంలో దేశమంతటా ఒకేసారి ఆన్‌లైన్‌లో సీపీఆర్ చూపించారు. ఇలాంటివి భయం పోగొట్టడానికి బాగా పనికొస్తాయి. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ అందకపోతే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుందంటారు. వణుకుతూ నొక్కే చేయి కూడా ఆ తరుగుదలని నెమ్మది చేస్తుంది.

కాకపోతే వీడియో చూసి మనకి వచ్చేసిందనుకోవడమే చిక్కు. ఇంట్లో ఎనభై ఏళ్ళ తాతగారికి, పదేళ్ళ మనవడికి, పనిమనిషికి, పాలబ్బాయికి అందరికీ చూపించదగ్గది ఇదే. అందరూ చూడాలి, ఒకరిద్దరు దీన్ని దాటి ముందుకెళ్ళాలి.

ఫోనూ దిండూ

బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ వాళ్ళ రివైవర్ దీనికి మంచి ఉదాహరణ. డబ్బు కట్టక్కర్లేదు, పావుగంట పని. ఒక ఫోను, ఒక దిండు ఉంటే చాలు, మన నొక్కుడు వేగంగా ఉందో నెమ్మదిగా ఉందో చెబుతుంది. ఇంగ్లీషులో ఉంటుంది, 999కి ఫోన్ చేయమంటుంది. మనకైతే 108, లేదా 112. అందులో నేర్పేది పెద్దవాళ్ళకి నొక్కడం, గుండెకి కరెంటు షాక్ ఇచ్చే ఏఈడీ వాడటం. మన పల్లెల్లో ఏఈడీ యంత్రం కంటబడటమే అరుదు కాబట్టి ఆ భాగం తెలుసుకుని ఉంచుకోండి, దాన్ని నమ్ముకోకండి. నీళ్ళ సంగతి వేరే చోట నేర్చుకోవాలి.

ఇంట్లో సాధన చేసేవాళ్ళకి మూడు మాటలు. మెత్తటి ఫోమ్ దిండు వద్దు, గట్టి దూది దిండుని రెండు మడతలు వేసి సిమెంటు నేల మీద పెట్టండి. మంచం మీద పెట్టి అలవాటు చేసుకోవద్దు. నవారు మంచం మీద గానీ నులక మంచం మీద గానీ మనిషి ఉంటే, మనం నొక్కినప్పుడు సాగేది మంచం, ఛాతీ కాదు. నలుగురు పట్టి కిందికి దించడం కూడా సాధనలో భాగమే.

ఇక లెక్కపెట్టడం. ఒకటి నుంచి పది దాకా మన అంకెలు నోట్లో గబగబా పలుకుతాయి. పదకొండు దాటాక సాగుతాయి. "ఇరవై ఎనిమిది" అనేసరికి నోటి కోసం చేయి ఆగుతుంది. నిమిషానికి 110 అంటే ఒక్కో నొక్కుకి అర సెకనుకి పైచిలుకు మాత్రమే. అందుకని 30 దాకా ఏకబిగిన లెక్కపెట్టకుండా, పది చొప్పున మూడుసార్లు లెక్కపెట్టుకోండి. ఫోన్‌లో టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ యాప్ 110 దగ్గర పెట్టి దాంతో కలిసి నొక్కితే వారం తిరిగేసరికి వేగం చేతికి పట్టుబడుతుంది. లోతు మాత్రం దిండు నేర్పలేదు.

డబ్బులు కట్టి ఇంట్లోనే తెచ్చుకునే సర్టిఫికెట్

ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాను. వీడియోలు చూసి, పది ప్రశ్నలకి టిక్కులు పెట్టి, డబ్బు కడితే పీడీఎఫ్ వచ్చే కోర్సులు చాలామందికి దండగ. ఆ పాఠాల్లో ఉన్నదంతా ఉచితంగా దొరుకుతుంది. ఉద్యోగం కోసమైతే ముందు ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్ళని అడగండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన కార్డుని చేతుల పరీక్ష లేకుండా ఇవ్వదు. "ఏహెచ్‌ఏ పద్ధతి ప్రకారం" అని రాసుకున్న వెబ్‌సైట్ సర్టిఫికెట్ ఏహెచ్‌ఏ కార్డు కాదు. గల్ఫ్‌కి నర్సుగా వెళ్ళే అమ్మాయిలు ఈ తేడా దగ్గరే డబ్బు పోగొట్టుకుంటారు.

కొన్ని మంచివీ ఉన్నాయి, కాదనను. వరసగా, తీరిగ్గా, ప్రశ్నలతో చెబుతాయి. క్రమంగా చదివితేనే బుర్రకెక్కే మనిషైతే తీసుకోవచ్చు. కాయితం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

లైవ్ క్లాసు

ఆన్‌లైన్ పద్ధతుల్లో నాకు ఎక్కువ నచ్చేది ఇదే. డాక్టరో నర్సో అటు కూర్చుని, ఇటు పదిమంది దిండ్ల ముందు మోకాళ్ళ మీద ఉంటే, "మోచేతులు వంచకండి, భుజాలు చేతుల మీదికి రానివ్వండి, ఇంకొంచెం ముందుకి జరగండి" అని చెప్పే వీలుంటుంది. ప్రశ్న తెలుగులో అడగొచ్చు. పక్కటెముక విరిగితే ఎలాగండీ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. విరగొచ్చు, ఆపొద్దు అని డాక్టరు నోటి నుంచి వింటే పడే ధైర్యం వీడియోతో రాదు.

అయితే ఫోన్ ఎక్కడ పెట్టారన్నదే సగం క్లాసు. మొహానికి ఎదురుగా పెట్టుకుంటే చెప్పేవాళ్ళకి మన తల తప్ప ఏమీ కనపడదు. పక్కవాటంగా, నేలకి మూరెడు ఎత్తులో, భుజం నుంచి దిండు దాకా కనిపించేలా కుర్చీ మీద ఆనించాలి. ఒక్కో క్లాసులో పాతికమందికి మించి ఉంటే ఎవరి చేతులూ ఎవరూ చూడరు. వందమంది ఉన్న క్లాసు పేరుకే లైవ్, అది వీడియో కిందే లెక్క. చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎంతమంది ఉంటారు, మా చేతులు మీరు చూస్తారా.

సగం ఆన్‌లైన్, సగం బొమ్మ మీద

పాఠం ఇంట్లో చూసుకుని, పూట కేటాయించి శిక్షణ కేంద్రానికి వెళ్ళి బొమ్మ మీద చేసి చూపించే పద్ధతి. ఏహెచ్‌ఏ వాళ్ళ హార్ట్‌సేవర్ సామాన్యుల కోసం, బీఎల్ఎస్ వైద్య సిబ్బంది కోసం. కార్డు రెండేళ్ళు చెల్లుతుంది. ఊపిరి ఇవ్వడం, పసిపిల్లలకి చేయడం, ఏఈడీ అన్నీ ఉంటాయి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, అమలాపురం చుట్టుపక్కల మెడికల్ కాలేజీలున్నాయి కాబట్టి ముందు అక్కడ విచారించండి.

బొమ్మ మీద చేస్తే తెలిసేవి మూడు. మొదటిది, 5 సెంటీమీటర్లంటే మనం అనుకున్నదాని కన్నా లోతు, మొదటిసారి దాదాపు అందరూ తక్కువే నొక్కుతారు. రెండోది, తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తకపోతే ఎంత ఊదినా బొమ్మ ఛాతీ లేవదు. ఎత్తి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఒక సెకను ఊదితే లేస్తుంది. ఆ లేవడం కళ్ళతో చూశాక మరి చెప్పక్కర్లేదు. మూడోది, మంచి బొమ్మలకి నొక్కుడు సరిపోతే చప్పుడో దీపమో వస్తుంది. ఆ దీపం కోసం నలభై ఏళ్ళవాళ్ళు కూడా పంతం పట్టి నొక్కుతారు, చూడ్డానికి సరదాగా ఉంటుంది.

ఖర్చు, ప్రయాణం దీనికి అడ్డం. అంతర్వేది నుంచో యానాం నుంచో ఒక పూట పని మానుకుని వెళ్ళాలి. కూలిపని చేసేవాళ్ళకి అది రెండింతల ఖర్చు.

నేరుగా శిక్షణ

రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్స శిక్షణల్లో సీపీఆర్ ఒక భాగం. రక్తం కారుతుంటే, ఎముక విరిగితే, పాము కరిస్తే ఏం చేయాలో కూడా చెబుతారు. ఏమీ తెలియనివాళ్ళకి, చదువు పెద్దగా లేనివాళ్ళకి, ఫోన్‌లో కోర్సు పూర్తిచేసే ఓపిక లేనివాళ్ళకి ఇదే తగినది. తేదీలు వాళ్ళు పెట్టినప్పుడే, మళ్ళీ మళ్ళీ జరగవు. కోల్స్ శిక్షణ అయితే గంటలో అయిపోతుంది, కాలేజీల్లో పెట్టించుకోవడం తేలిక, ఊపిరి ఇవ్వడం మాత్రం విడిగా అడిగి చెప్పించుకోవాలి.

ఎవరికి ఏది

కాలవ గట్టు ఇంట్లో నడక నేర్చిన బిడ్డ ఉంటే ఆ తల్లీ, అమ్మమ్మా ఇద్దరూ పిల్లల సీపీఆర్ ఉన్న కోర్సే చేయాలి. పెద్దవాళ్ళకి నొక్కడం మాత్రమే నేర్పేది వీళ్ళకి చాలదు. డబ్బు పెట్టగలిగితే సగం-సగం పద్ధతి, లేకపోతే పిల్లల డాక్టరు గానీ నర్సు గానీ చెప్పే లైవ్ క్లాసు. కోర్సుతో పాటు దొడ్డిగుమ్మానికి గడియ కూడా పెట్టించండి, దానికి ఏ క్లాసూ అక్కర్లేదు.

రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్ళకి రెండు ప్రమాదాలు, కరెంటూ నీళ్ళూ. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ యంత్రం వైరు తగిలి పడిపోయిన మనిషిని ముట్టుకునేముందు మెయిన్ ఆపాలి. ఇది చెప్పని కోర్సు చేసి పరిగెత్తినవాడు రెండో బాధితుడవుతాడు. యజమానులు కూలీల చేతిలో ఫోన్ పెట్టి వీడియో చూడమనడం కాకుండా, ఒక పూట పదిమందిని చెరువు గట్టు షెడ్డులో కూర్చోబెట్టి నేరుగా శిక్షణ ఇప్పిస్తే మంచిది. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఆ రోజే అందరికీ చూపించవచ్చు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకి ఆన్‌లైన్ కోర్సు కొనిస్తుంటారు. మనసు మంచిదే. కానీ గుండెజబ్బు నాన్నగారికి, నేర్చుకునేది అరవై అయిదేళ్ళ అమ్మగారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నేల మీద మోకరిల్లి రెండు నిమిషాలు నొక్కే పని ఆవిడ ఒక్కరి మీద పెట్టకూడదు. ఆ డబ్బు కింద పోర్షన్‌లో అద్దెకుండే కుర్రాడికో, కారు డ్రైవరుకో, ఎదురింటి అబ్బాయికో పెట్టండి. అమ్మగారికి చిన్న వీడియో చాలు. ఎగశ్వాస గుర్తుపట్టడం, 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టడం, గేటు తీసి కేక వేయడం ఆవిడ నేర్చుకోవాలి. ఎవరూ రాకపోతే చేతనైనంత నొక్కుతూ ఉండటమే.

216, 16 నంబర్ జాతీయ రహదారుల మీద తిరిగే ఆటో, లారీ డ్రైవర్లకి సీపీఆర్ ఒక్కటే చాలదు, ప్రథమ చికిత్స మొత్తం ఉన్న శిక్షణ కావాలి. ప్రమాదంలో ముందు ఆపాల్సింది రక్తం. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామనే భయం వీళ్ళకి ఎక్కువ. 2016లో సుప్రీంకోర్టు రోడ్డు ప్రమాదాల్లో సాయపడేవాళ్ళ రక్షణకి ఇచ్చిన మార్గదర్శకాలకి, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ తోడైంది. ఆ మాట కూడా చెప్పే శిక్షణ అయితే మరీ మంచిది.

నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులు ఆలోచించక్కర్లేదు. బీఎల్ఎస్, బొమ్మ మీద పరీక్షతో. కార్డు గడువు ఉద్యోగ ఇంటర్వ్యూ దాకా ఉండేలా చివరి సంవత్సరంలో చేసుకోండి.

ఊరికంతా నేర్పించాలనుకుంటే

హైస్కూల్ మాస్టార్లు, యువజన సంఘాలు, పంచాయతీవాళ్ళు అడిగేది ఇదే: తక్కువ ఖర్చులో ఎక్కువమందికి ఎలా? వీడియో చూస్తూనే బొమ్మ మీద చేస్తూ నేర్చుకున్న సామాన్యులు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళకి పెద్దగా తీసిపోరని పరిశోధనలు చెబుతున్నాయి. 2020 అమెరికన్ మార్గదర్శకాలు కూడా, నేర్పేవాళ్ళు దొరకనిచోట సొంతంగా నేర్చుకునే పద్ధతిని సమర్థించాయి. కాబట్టి ఆన్‌లైన్ పాఠాన్ని విడివిడిగా ఎవరి ఫోన్‌లో వాళ్ళని చూడనివ్వకుండా స్కూలు హాల్లో ప్రొజెక్టర్ మీద వేయండి. దగ్గర్లోని నర్సింగ్ కాలేజీ నుంచి రెండు మూడు బొమ్మలు ఒక పూటకి అడిగి తెచ్చుకోండి, మిగతావాళ్ళకి దిండ్లు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరో, సచివాలయం ఏఎన్ఎమ్మో మధ్యలో తిరుగుతూ చేతులు సరిచేస్తే చాలు. వీడియో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి, క్లాసు మొదలయ్యాక నెట్ పోయినా కరెంటు పోయినా జనం లేచి వెళ్ళిపోతారు.

నేర్చుకున్నవాళ్ళకి మూడు నెలలకోసారి పావుగంట మళ్ళీ పెట్టండి. ఏడాదికోసారి పెద్ద సభ పెట్టి ఫోటోలు దిగడం కన్నా అది పనికొస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, రేవుల్లో సేవకి నిలబడదలుచుకున్న వలంటీర్లు ఇప్పుడు ఒకసారి నేర్చుకుని వదిలేస్తే అప్పటికి చేతులు మరిచిపోతాయి. ఇప్పుడు నేర్చుకుని మధ్యమధ్య సాధన చేసేవాళ్ళనే ఘాట్ల దగ్గర నిలబెట్టాలి. వీళ్ళకి చేతులతో నొక్కే పద్ధతి మాత్రమే నేర్పడం దండగ పని.

లంక గ్రామాలవాళ్ళు, పంటు దాటితే గానీ రోడ్డెక్కలేనివాళ్ళు ఎంతమందికి నేర్పించాలో వేరేగా లెక్క వేసుకోవాలి. అంబులెన్సు అవతలి రేవు దాకానే వస్తుంది. ఇవతల నొక్కుతూ ఉండాలి, పడవలోకి ఎక్కించాలి, పడవలోనూ నొక్కడం ఆపకూడదు. రెండు నిమిషాలకో మనిషి మారాలంటే ఏ పూటైనా ఊళ్ళో ఉండే నలుగురైదుగురు ఒకేచోట దొరకాలి. పొలానికి, పట్నానికి వెళ్ళినవాళ్ళని తీసేసి చూసుకుంటే వీధికి ముగ్గురికి తక్కువ కాకుండా నేర్పించాలి. అందులో పగలు ఇళ్ళ దగ్గర ఉండే ఆడవాళ్ళు సగమైనా ఉండాలి. ఇలాంటి ఊళ్ళకి ఒక్కరికి వేలు పోసి కార్డు ఇప్పించడం కన్నా పదిమందికి ప్రొజెక్టర్ క్లాసు పెట్టించడమే మేలు.